బావిలోకి పిలిచే తాత

మారండహళ్ళిలో ఏటా జరిగే రైతుల పండుగలో కపిల తోలి చూపించేది మా పొరుగింటి తాత. ఎద్దులు తోలు బానతో బావిలోని నీళ్ళు పైకి లాగడం మా ఊరి పిల్లలు ఆ ఒక్కరోజే చూసేవారు. బావి మా చేనిలోదే. తాత వయసులో ఉన్నప్పుడు, పూడిక తీయడానికి అందులోకి దిగిన ఆయన తమ్ముడు గట్టు విరిగిపడి ప్రాణం విడిచాడు.

ఎద్దులను కదిలించే ముందు తాత బావిలోకి వంగి, "తమ్ముడా, పక్కకు జరుగు. బాన దిగతా ఉంది" అనేవాడు. కాసేపు చెవి ఒగ్గి విని, తల ఊపి, అప్పుడే బాన వదిలేవాడు. జనం నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

పోయిన ఏడు ఆయన తల ఊపలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మైకులో తొందరపెట్టారు. మా నాయన దగ్గరికి పోయి, "ఏమి మామా, తోలు. జనం చూస్తా ఉండారు" అన్నాడు.

తాత గబగబా ఎద్దులను విప్పి అవతలికి తరిమాడు. "అందరూ ఈ పక్కకు రాండి!" అని అరుస్తూ మా నాయన చెయ్యి పట్టి లాగాడు. విసుక్కుంటూనే అందరూ జరిగారు. అంతలోనే వాళ్ళు అప్పటిదాకా నిలబడిన గట్టు రాళ్ళతో సహా బావిలోకి జారిపోయింది.

దుమ్ము అణిగాక తాతకు నీళ్ళిచ్చాను.

"తమ్ముడు ఏమన్నాడు తాతా?" అని మెల్లగా అడిగాను.

"ఎప్పుడూ ఊఁ అంటాడమ్మా. ఈ పొద్దు చిన్నబిడ్డ మాదిరి ఏడ్చినాడు" అన్నాడు తాత. "ఇంకా ఏడస్తానే ఉండాడు. నీకు వినపడలేదా?"