చెంపకు ఆనించిన సీసా

మొన్న ఎండల్లో మా తమ్ముడు కొత్త కారు కొన్నాడు. పొద్దున్నే దాన్ని కొండగట్టు తీసుకుపోయి అంజన్నకు చూపించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, సాయంత్రం జగిత్యాలలో తన ఇంటి మేడ మీద దోస్తులకు దావత్ పెట్టాడు. షామియానా, కూలర్, మటన్ వాసన అన్నీ బాగానే కుదిరాయి గానీ, బీర్లు మాత్రం ఎండలో నానబెట్టినట్టు వేడివేడిగా వచ్చాయి. ఫ్రిజ్‌లో ఆ పూట కూల్‌డ్రింకులకే చోటు లేదు. మా తమ్ముడు ఒక సీసా పట్టుకుని చూసి, పెళ్లై ఏడాదైనా నిండని మా మరదలి మీద అందరి ముందూ విరుచుకుపడ్డాడు. "పొద్దటి సంది ఏం జేస్తున్నవే? ఐసు తెప్పియ్యమని జెప్పిన్నా లేదా? గీ ఉడుకు బీరు ఎవని మొఖాన పొయ్యాలె?" అని సీసాను టేబుల్ మీద ఠప్పున పెట్టాడు. దోస్తులు నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుంది. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే, మూలన కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ లేచి, "దొడ్డుప్పు ఉన్నదా బిడ్డా?" అని మరదలిని అడిగింది.

తర్వాత అంతా ఆమె చెప్పినట్టే నడిచింది. ఎవరినో పంపి ఐసుగడ్డ తెప్పించింది. గోనెసంచిలోనే పెట్టి రోకలితో పొడిచి ప్లాస్టిక్ టబ్బులో పోయించింది. దోసిళ్లకొద్దీ ఆ రాళ్ల ఉప్పు చల్లించింది. "ఒట్టి ఐసు పెడితే ఏం గాదు, నీళ్లు వొయ్యాలె, సీసకు నీళ్లు తాకాలె" అని గొంతుల దాకా మునిగేట్టు నీళ్లు పోయించి, ఒక్కో సీసానూ అక్కడికక్కడే తిప్పమంది. పావుగంట అయిందో లేదో, ఒక సీసా బయటికి తీసి చేత్తో చూడకుండా చెంపకు ఆనించుకుంది. మేడంతా గొల్లుమంది. "ఏంది సిన్నమ్మా, నువ్వెప్పుడు మొదలువెట్టినవ్?" అన్నాడు మా తమ్ముడు. నేను మాత్రం నవ్వలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. కోరుట్లలో మా తాత ఆమె పేరు మీద కట్టించిన ఇంట్లో ఉంటుంది. నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఆమె దగ్గరే ఉన్నాను. చిన్నాయన దుబాయిలో డ్రైవరు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. ఆయన లేనన్నాళ్లూ ఆ ఇల్లు ఎంత బాగుండేదో చెప్పలేను. మధ్యాహ్నం వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ముందేసుకుని బీడీలు చేసేవారు. చిన్నమ్మ చేతులు అందరికన్నా చురుకు. తునికాకు వంక చూసేదే కాదు. కబుర్లు చెబుతూ, పక్కవాళ్లను ఆటపట్టిస్తూ, వేళ్లతోనే ఆకు తడిమి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేసేది. ఆ ఇంట్లో ఆమెవంటూ ఉన్న సంపాదన, పేరు, గర్వం అన్నీ ఆ వేళ్లే.

చిన్నాయన వచ్చేది సరిగ్గా ఎండాకాలంలో. వచ్చినరోజు సబ్బులూ సెంటుసీసాలూ పంచేవాడు, మర్నాటి నుంచి తన్నులు పంచేవాడు. ఆయనకు బీరు ఒక తీరుగా చల్లబడాలి. సీసాకు చెమట పట్టాలి, చెంపకు పెట్టుకుంటే జిల్లుమనాలి, అలాగని గడ్డ కట్టకూడదు. ఆ రోజుల్లో కోరుట్లలో కరెంటు ఎప్పుడు పోయేదో ఎప్పుడు వచ్చేదో దానికే తెలియదు. కరెంటు వాళ్లను కొట్టలేడు కదా, చిన్నమ్మను కొట్టేవాడు. ఒకసారి బీరు వెచ్చగా ఉందని సీసా విసిరితే అది ఆమె చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలి పగిలింది. ఇంకోసారి భయపడి డీప్ ఫ్రీజర్‌లో ఎక్కువసేపు ఉంచింది. సీసాలు లోపలే పగిలాయి. ఆ రోజు బెల్టు తీశాడు. ఆ వాతలకు నేనే కొబ్బరినూనె రాశాను. అప్పుడే ఐసు ఫ్యాక్టరీలో ఎవరినో అడిగి ఈ ఉప్పు సంగతి నేర్చుకుని వచ్చింది. పాపం, బీరు సరిగ్గా చల్లబడితే మొగుడు కూడా చల్లబడతాడని నమ్మింది.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా వచ్చిన సెలవులో, పెరట్లో నలుగురు దోస్తులతో కూర్చున్నాడు. ఉప్పు టబ్బు ఏర్పాటు చేసి పావుగంట కూడా కాలేదు. ఆయనకు ఆత్రం ఆగలేదు. సీసా తీసి చెంపకు పెట్టుకుని, "గిది సల్లగైనట్టా?" అన్నాడు. "జరసేపాగు, ఐతది" అంది చిన్నమ్మ. అంతే. దోస్తుల ముందు తనకే ఎదురు చెప్పిందని జుట్టు పట్టి వంచి, ఆమె కుడిచెయ్యి ఆ టబ్బులో అదిమి పట్టాడు. "సల్లగంటే ఏందో జూపిస్త" అన్నాడు. ఉప్పు కలిసిన ఐసు నీళ్లు మామూలు ఐసు కంటే ఎంత ఘోరంగా కాలుస్తాయో అనుభవించిన వాళ్లకే తెలుసు. మొదట్లో ఆమె అరిచింది. తర్వాత అరుపు ఆగింది, దానికే నాకు ఎక్కువ భయమేసింది. నేను ఆయన భుజం పట్టి లాగితే మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. నేను పెరట్లోని నీళ్ల తొట్టి మీద పడ్డాను, నోరంతా రక్తం. దోస్తులు ఒక్కరూ లేవలేదు. "ఇడిసిపెట్టు భాయ్" అంటూ గ్లాసులు మాత్రం పట్టుకునే ఉన్నారు.

చిన్నమ్మ ఎడమచెయ్యి టబ్బులో తడుముకుంటూ ఒక సీసా మెడ పట్టుకుంది. సినిమాల్లోలాగా సీసా పగల్లేదు. ఆయన తల పగిలింది. రెండో దెబ్బకు టబ్బులోకే బోర్లా పడ్డాడు. ఐసు ఎర్రబడింది. మూడోది కూడా వేసేదే, నేను వెనక నుంచి నడుం పట్టి లాగాను. దోస్తులు గోడ దూకి పారిపోయారు. ఒకాయన మాత్రం పోతూ పోతూ రెండు సీసాలకు రక్తం తుడుచుకుని మరీ పట్టుకెళ్లాడు.

ఆయనకు కుట్లు పడ్డాయి గానీ బతికాడు. వారం లోపే పంచాయితీ పెట్టారు. సిరిసిల్ల నుంచి మా మేనమామ వచ్చాడు, చిన్నమ్మకు సొంత అన్న. అన్న కదా అని నేను ఆశ పెట్టుకున్నాను. ఆయన మీసం దువ్వుకుని, "గింత దానికి మొగని మీద సీస లేపుతవా? కాళ్లు మొక్కి ఇంట్లకు తోలుకపో" అన్నాడు. అదే జరిగితే ఆమె ఆ వేసవి దాటి బతకదని నాకు తెలుసు. చిన్నమ్మ ఏడవలేదు. కుడిచేతి గుడ్డ విప్పి పెద్దమనుషుల ముందు చాపింది. బొబ్బలు చిట్లిన ఆ చేతిలో బొటనవేలూ చూపుడువేలూ నల్లబడి ఉన్నాయి. "ఇల్లు మా నాయన నాకిచ్చిండు. ఈయన పోతడా, నేను మల్ల సీస పట్టాల్నా? చెప్పు అన్నా" అంది. మా మేనమామ చేతికేసి చూసి, తల తిప్పుకుని, "ఐతే ఆయననే పొమ్మనుండ్రి" అన్నాడు. మర్నాడు చిన్నాయన పెట్టె తీసుకుని సారంగాపూర్ దగ్గర వాళ్లమ్మ ఊరికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. చిన్నమ్మ మాత్రం ఆ తర్వాత బీడీలు చూసుకుంటూ చుట్టాల్సి వచ్చింది. ఆ రెండు వేళ్లకూ ఆకు తగిలిందో లేదో తెలిసేది కాదు.

ఇదంతా నా కళ్లముందు తిరుగుతుండగా, మా తమ్ముడు నవ్వుతూ సీసా కోసం చెయ్యి చాపాడు. చిన్నమ్మ ఇవ్వలేదు. "ముందుగాల గా టబ్బుల చెయ్యి పెట్టు. నేను తియ్యుమన్నప్పుడు తియ్యి" అంది. వాడు తమాషా అనుకుని పెట్టాడు. కాసేపటికే "అబ్బా!" అని గింజుకుని చెయ్యి తీసి, ఊదుకుంటూ గెంతాడు. దోస్తులు మళ్లీ నవ్వబోయారు.

"గింతసేపటికే గట్లయితే ఎట్లరా?" అని చిన్నమ్మ తన కుడిచెయ్యి వాడి కళ్ల ముందు పెట్టింది. "మీ చిన్నాయన నా చెయ్యి తియ్యనియ్యలే. ఆయన గూడ ముందుగాల ఒర్రుడే, అరుసుడే మొదలువెట్టిండు, అందరి ముంగట, నీ లెక్కనే." మా తమ్ముడు ఎర్రబడిన తన చేతినీ, ఆమె చేతినీ మార్చి మార్చి చూశాడు. చిన్నమ్మ ఆ సీసాను మా మరదలి చేతిలో పెట్టి, "సల్లగైందా బిడ్డా? నువ్వే జెప్పు, నా ఏళ్లకు ఎరుకగాదు" అంది. ఆ పిల్ల సీసా పట్టుకుని ఏడ్చేసింది. ఎన్నో ఎండాకాలాలు వచ్చి పోయాయి, చిన్నాయన చనిపోయి కూడా కొన్నేళ్లయింది. చిన్నమ్మ ఆ రెండు వేళ్లకు మాత్రం కోరుట్ల పెరట్లో ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు.