కడగని ఫిల్ము

ఆ రోజుల్లో మా తిరువూరులో పారేసే వస్తువంటూ ఉండేది కాదు. చీర చిరిగితే బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది, ఆ మసిగుడ్డ కూడా పీలికలైతే లాంతరు చిమ్నీ తుడవడానికి దాచేవాళ్ళం. అలాంటి ఊళ్ళో, పారేసినవాటితో వ్యాపారం పెట్టాలని మా మేనత్తకు తోచడం సాహసమనే చెప్పాలి. ఆ సాహసంలో నన్నూ భాగస్తురాలిని చేసింది. (నేనప్పటికి పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాసేది లేదని భీష్మించుకుని ఇంట్లో కూర్చున్నాను. నన్ను కూడా పారేసినవాటిలోనే జమకట్టిందేమో, పాపం, ఏనాడూ పైకి అనలేదు.)

అత్తకు ఒక కుట్టుమిషనూ, ఊళ్ళో దర్జీలందరి దగ్గరా చనువూ ఉండేవి. వాళ్ళు ఊడ్చి పోసే గుడ్డముక్కలు మూటకట్టి తెచ్చి, వాటిని అతికి, ఆడవాళ్ళు చేత్తో పట్టుకునే చిన్న సంచులు కుట్టేది. సంచి బిర్రుగా నిలబడాలంటే రెండు గుడ్డల మధ్య ఏదైనా గట్టిది పెట్టాలి. దానికి పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడాలన్నది అత్త కనిపెట్టిన కిటుకు. పాత సామాన్లు కొనే సాయిబుగారు సైకిలు మీద గంపలగూడెం దాకా ఊళ్ళన్నీ తిరిగి, పాత పేపర్లతో పాటు అవీ తెచ్చి ఇచ్చేవారు. ఫిల్మును వేణ్ణీళ్ళలో చాకలిసోడా వేసి నానబెట్టి కొబ్బరిపీచుతో రుద్దితే, నలుపంతా జిగురు జిగురుగా ఊడి అద్దంలా తేలేది. సంచికి ఫోటో పెట్టుకునే అర కూడా దాంతోనే కుట్టేవాళ్ళం. "ఎవరి రోగమో ఏంటో, అది మన సంచిలో ఉండకూడదే, ఒక్కటి కూడా వదలకుండా కడుగు" అనేది అత్త.

కడగడం నా వంతు. సోడాకి చేతులు పగిలేవి, నాలుగు కడిగేసరికి నలభై కడిగినంత ఆయాసం వచ్చేది. పైగా నాకు తర్కం ఎక్కువ. పైకి కనపడే అర సంగతి సరే, లోపల కుట్టేసే ఫిల్ము తెల్లగా ఉంటే ఎవరు చూడొచ్చారు, నల్లగా ఉంటే ఎవరు చూడొచ్చారు? గుడ్డల మధ్య ఫిల్ము పెట్టి టాకాలు వేసి ఇచ్చేదాన్ని నేనే కాబట్టి, ఎముకలను ఎముకలుగానే లోపలికి తోసేసి, తడి చేతులు అత్త కంటపడేలా తుడుచుకునేదాన్ని. అత్త మాత్రం వచ్చిన ప్రతివాళ్ళతోనూ "కడిగిన సరుకండీ" అని గర్వంగా చెప్పేది.

ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా బడి టీచరమ్మ, మా దగ్గర కొన్న సంచి పట్టుకుని వచ్చింది. "సంచిలో పిన్నీసు పెట్టి కుట్టేశారండీ. చర్చి కిటికీ ఎండకి స్పష్టంగా కనపడింది. పిల్లలున్న ఇల్లు, గుచ్చుకుంటే ఏంటి గతి?" అంది. అత్త ఆ సంచిని పిసికింది, నొక్కింది, విదిలించింది. పిన్నీసు లేదు. టీచరమ్మ ఒప్పుకోలేదు. అత్త ఇంకో సంచి ఇచ్చి పంపి, మొదటిదాన్ని గోడకున్న మేకుకి తగిలించి, "ఆవిడకి చత్వారం వచ్చినట్టుందే" అంది. నేను చాలా గంభీరంగా తలూపాను.

ఆ తరవాత బెజవాడలో ఒక ఫ్యాన్సీ షాపువాళ్ళు రెండు డజన్ల సంచులు అడిగారు. నచ్చితే నెలనెలా తీసుకుంటామన్నారు. అత్త అప్పుడే బస్టాండు దగ్గర అద్దెకో గదినీ, దాని మీద బోర్డునూ, ఆ బోర్డు రంగునూ కూడా ఊహించేసుకుంది. చెప్పిన రోజున మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలి. సంచులన్నీ సర్ది, అత్త ఇస్త్రీ చీర కట్టుకుంటూ ఉండగా, సాయిబుగారు తల వంచుకుని వాకిట్లోకి వచ్చారు. ఆయన వెనక తలగుడ్డ చేతిలో పట్టుకుని ఒక ముసలాయన.

"చెల్లెమ్మా, నావల్లే పొరపాటు జరిగింది. ఈ పెద్దాయనది వినగడప. ఈయన పొలానికెళ్ళినప్పుడు కోడలు ఇంటికి సున్నం వేస్తూ, పాత కాయితాలతో పాటు ఓ ఎక్సరే కూడా నాకు వేసేసింది" అన్నారు సాయిబుగారు.

"మా ఇంటిదానిదమ్మా" అన్నాడు ముసలాయన. "పోయి రెండేళ్ళయింది. ఫోటో దిగుదాం దిగుదామని ఎన్నిసార్లనుకున్నామో, పడింది కాదు. దగ్గు ముదిరాక బెజవాడ పెద్దాసుపత్రిలో తీశారే, అదొక్కటే ఉంది. పొద్దున్నే ఎండకి పట్టుకుని చూసుకునేవోణ్ణి."

అత్త సర్దిన సంచుల వైపు చూసింది. "మేం అన్నీ కడిగేస్తామండి" అంది మెల్లగా.

"కడిగితే బొమ్మ పోద్దామ్మా?"

"పోతుందండి. ఉత్త తెల్ల ఫిల్మే మిగులుతుంది."

"పోనీ, ఆ తెల్లదైనా ఇస్తారామ్మా?" అన్నాడు.

"అత్తా, నేను కడగలేదు" అన్నాను.

"ఏది?"

"లోపల పెట్టినవేవీ."

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తిట్టలేదు. సర్దిన సంచులన్నీ అరుగు మీద గుమ్మరించి, బ్లేడు తీసుకుని మొదటి సంచి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. తను విప్పి ఇస్తుంటే నేను ఒక్కో ఫిల్మూ తీసి ఎండకు పట్టుకున్నాను. ముసలాయన ఒక్కోదాన్నీ పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా పరకాయించి చూసేవాడు. "కాదమ్మా, ఈ పక్కలు మగమనిషివి." "ఈవిడెవరో బాగా తిన్నావిడ." "ఇది చేతిదమ్మా, మాది గుండెకాయది." బస్సు హారను వినపడింది. అత్త తలెత్తలేదు. ఇరవైనాలుగూ అయిపోయాయి. ఆయన మనిషి ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

"పోన్లెండమ్మా, మిమ్మల్ని కష్టపెట్టాను" అంటూ లేచాడు. "ఎక్కడున్నా గుర్తుపడతాననుకున్నా. ఆసుపత్రోళ్ళు మెళ్ళోవన్నీ తీసెయ్యమంటే తాడు తీయనని మొండికేసింది. ఉత్త పసుపుతాడే, దానికో పిన్నీసు. ఆ పిన్నీసు బొమ్మలో పడింది."

అత్తా నేనూ ఒకేసారి గోడ మేకు వైపు చూశాం.

టీచరమ్మ సంచి విప్పి ఎండకు పట్టుకుంటే, పక్కటెముకల మీద, గొంతు కింద, తెల్లగా పిన్నీసు. ముసలాయన దాని మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా. ఇదే మనిషి" అన్నాడు. పక్కటెముకలు చూసి ఒక మనిషి మొహం అంతగా విప్పారడం నేను అదివరకు చూడలేదు. నేను ఏడ్చేశాను, సాయిబుగారు అటు తిరిగి సైకిలు తాళం వెతుక్కున్నారు. ఫిల్ముకు అంచుల్లో సూది బెజ్జాలు, నడుమ మడత పడ్డాయి. నేను వెంటనే వేణ్ణీళ్ళు కాచి, చేతులు మండేదాకా రుద్ది రెండు ఫిల్ములు అద్దాల్లా కడిగాను. (ఆ వ్యాపారంలో నేను మనసుపెట్టి చేసిన పని అదొక్కటే.) వాటి మధ్య ఆవిడను పెట్టి, అత్త చుట్టూ పూల గుడ్డతో అంచు కుట్టింది. "ఇక వానకి కూడా తడవదు" అంటూ ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రం విప్పేసిన సంచుల మధ్య కూర్చున్నాం. నేను బకెట్టు తెచ్చి, "ఇవన్నీ ఇప్పుడు కడిగేస్తానత్తా" అన్నాను. అత్త ఫిల్ములను ఒద్దికగా దొంతరపెట్టి, "ఇవీ ఎవరివో కదే. ఎవరన్నా వస్తారేమో" అని ట్రంకుపెట్టెలో పెట్టింది. ఎవరూ రాలేదు. బెజవాడ షాపువాళ్ళు మళ్ళీ అడగలేదు. అత్త రవికలు కుట్టుకుంటూనే ఉండిపోయింది, నేను మూడోసారి లెక్కల పరీక్ష రాశాను. బోర్డు సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈ మధ్య దగ్గు తగ్గకపోతే నాకూ ఛాతీ ఎక్స్‌రే తీయించారు. "మెళ్ళోవన్నీ తీసెయ్యండి అమ్మమ్మా" అంది అక్కడి అమ్మాయి. అన్నీ తీసి, జాకెట్టుకున్న పిన్నీసొక్కటీ ఉంచుకున్నాను. ఆ అమ్మాయి చూసి నెత్తి కొట్టుకుని, మళ్ళీ తీసింది. బాగా వచ్చిన ఫిల్ము డాక్టరుకిచ్చి, బతిమాలి, చెడిపోయినదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. బీరువాలో చీరల కింద ఉంది. పాత సామాన్లకు వేయొద్దని కోడలికి ముందే చెప్పి ఉంచాను.