మిరియాల కొండకు ఇల్లరికం

అరవదేశంలో సూలూరు చుట్టుపక్కల నల్లరేగడి కాపులు మనిషిని నమ్మరు, నేలను నమ్ముతారు. నేల లేనివాడు ఎంత నిజం చెప్పినా వాళ్ళ చెవికి ఎక్కదు. నేలున్నవాడు ఎంత అబద్ధం చెప్పినా తల ఊపుతారు. ఈ శాస్త్రం పుట్టుకతోనే వంటబట్టినవాడు పెరుమాళ్‌సామి నాయుడు. ఏ ఊరి గట్టు మీద నిలబడినా చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "జొన్నకు సరి, పత్తికి చాలదు" అని తీర్పు చెప్పేవాడు. తీర్పు సగంసార్లు తప్పేది. అప్పుడు తప్పు వానదయ్యేది.

అతని తండ్రికి కొడుకులు ఆలస్యంగా పుట్టారు. పెరుమాళ్‌సామి, అతని తమ్ముడు నారాయణసామి ఇంకా పాలు తాగే వయసులో ఉండగానే, సేద్యానికి మగదిక్కు కావాలని ముసలాయన పెద్దకూతురికి చెల్లప్ప అనేవాణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. చెల్లప్ప కట్టుబట్టలతో వచ్చాడు. ఎద్దులకైనా అమావాస్యకు సెలవుండేది గాని అతనికి ఉండేది కాదు. ముసలాయన పోయాక కులపెద్దలు కూర్చుని, ఇల్లరికపు అల్లుడు కొడుకుతో సమానం, నేల మూడు వాటాలు వేయండి అన్నారు. పెరుమాళ్‌సామి లేచి నిలబడ్డాడు.

"వొట్టి చేతులతో వచ్చినోడికి వాటా ఏటికి పెద్దయ్యా? ఇన్నాళ్ళు తిన్న కూడు చాలదా?"

"నువ్వు గోచి పెట్టక ముందే వాడు ఆ నెలాన్ని దున్నినాడురా. సుమ్మా ఊరికే కూర్చో," అన్నాడు పెద్ద.

చెల్లప్ప నెమ్మదిగా, "బామ్మర్దీ, నాకు ఏ చెక్క అయినా సరే. మంచిది నువ్వే తీసుకో" అన్నాడు. తిట్టి ఉంటే పెరుమాళ్‌సామి ఓర్చుకునేవాడు. ఈ మంచితనాన్ని ఓర్చుకోలేకపోయాడు. తన వాటా తమ్ముడికి అమ్మేసి, ఆ ఇద్దరి నేలా కలిపినదాని కంటే ఎక్కువ నేల సంపాదించాకే ఈ ఊరి నీళ్ళు తాగుతానని ఒట్టు పెట్టుకున్నాడు. మన కాపుల్లో ఒట్లకు కొదవ లేదు. నేలకే కొదవ.

పాళెగాళ్ళ కోటలు పడగొట్టి కుంపిణివాళ్ళు పన్ను కట్టించుకుంటున్న కొత్త రోజులవి. కారమడై తిరునాళ్ళలో జాజికాయలు అమ్ముతూ ఆరోగ్యసామి కనిపించాడు. వాడిపట్టి వైపు వాడు, కిరస్తానీ వేదంలో కలిసినవాడు. సముద్రం అవతల సుమత్రా దీవిలో, బెంకూలు అనే కుంపిణి రేవులో, సిపాయిలకు వంట చేసి వచ్చాడు. పెరుమాళ్‌సామి అంటు తగలకుండా దూరంగా నిలబడి బేరం మొదలుపెట్టి, జాజికాయలు మరిచిపోయి నేల గురించి అడిగాడు.

"ఆడ నెలానికి అంతే లేదు సామీ. కొండకు కొండ సుమ్మా పడుండాది. మిరియం నాటితే కుంపిణోళ్ళే కొంటారు."

"మన్ను నలుపా?"

"నలుపో ఎరుపో, నేను తిని చూడలేదు సామీ."

తల్లి తాయమ్మాళ్ ఏడ్చింది. "కడలు దాటితే జాతి పోతుందిరా పాపీ!"

"జాతి పోతే తిరిగొచ్చి అయ్యరుకు దక్షిణిచ్చి తెచ్చుకోవచ్చుమ్మా. నెలం పోతే ఎవుడిస్తాడు?"

ఆరోగ్యసామిని వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు. ఓడలో మొదట పేలాలు తప్ప ముట్టలేదు. పేలాలు అయిపోయాక ఆరోగ్యసామి వండిన గంజి తాగాడు. ఆ ముంతడు గంజితో వాడి నోటిలో 'సామీ' పోయి 'నాయుడు' వచ్చింది. బెంకూలులో దిగేసరికి 'ఏమప్పా' కూడా వచ్చింది. పెరుమాళ్‌సామి వినీ విననట్టు ఊరుకున్నాడు. అక్కడ తన భాష తెలిసినవాడు వాడొక్కడే.

రేవు నుంచి కొండల్లోకి నడిచి వెళితే, అడవి మధ్య గుంజల మీద నిలబెట్టిన ఇళ్ళ ఊరొకటి వచ్చింది. ఇంటి కింద కోళ్ళు, పైన మనుషులు. అడవి తగలబెట్టి, కర్రతో బొక్కలు పొడిచి వడ్లు వేసుకునే జనం. "నాగలి కూడా ఎరగరే, పావం," అని పెరుమాళ్‌సామి జాలిపడ్డాడు. మన్ను నోట్లో వేసుకున్నాడు. ఊరి పిల్లలు గుమిగూడి చూసి, ఈ పరదేశికి ఆకలి ఎక్కువనుకుని ఉడికించిన చేమదుంప తెచ్చిపెట్టారు.

ఆ ఊరి పెద్దను దుపాటి అంటారు. ముసలివాడు, తమలపాకుతో నోరు ఎర్రగా ఉండేవాడు. పెరుమాళ్‌సామి తన వాటా అమ్మిన వెండి మూట ముందు పెట్టి కొండవాలు అమ్మమన్నాడు. ఆరోగ్యసామి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాడు.

"నేల అమ్మేది కాదు," అన్నాడు దుపాటి. "చచ్చినవాళ్ళది, పుట్టబోయేవాళ్ళది. మధ్యలో మేము కావలి ఉన్నాం. మా ఇంటివాడివైతే ఎంత కావాలంటే అంత నాటుకో. నాకు కూతురుంది, దయాంగు. వెండి పోసి చేసుకుంటే పిల్ల నీది, వేరే ఇల్లు కట్టుకో. పొయ్యకుండా చేసుకుంటే నువ్వు వచ్చి నా ఇంట్లో ఉండాలి."

పెరుమాళ్‌సామి ఆరోగ్యసామి వైపు వంగాడు. "అంటే ఇల్లరికమే కదరా?"

"అట్నే ఉండాదప్పా."

పెరుమాళ్‌సామికి చెల్లప్ప గుర్తొచ్చాడు. పైసా పెట్టకుండా కొడుకుతో సమానంగా వాటా! ఇల్లరికం ఇంత గొప్ప ధర్మమని ఆ క్షణం దాకా అతనికి తెలియలేదు. పిల్ల కోసం వెండి పొయ్యడం ఎందుకు? ఆ వెండి తోటలో పెడితే తోటా తనదే, మామ వాటా తనదే. వెండి మూట వెనక్కి తీసుకున్నాడు. దుపాటి కూడా సంతోషించాడు. ఇంటింటికీ ఇన్ని మిరియపు తీగలు నాటి తీరాలని కుంపిణి కట్టడి చేసి ఉంది. నాటడానికి అతని ఇద్దరు కొడుకులకు ఒళ్ళు వంగదు. అడగకుండానే నాటేవాడు, అందులోనూ సొంత వెండితో నాటేవాడు, సముద్రం దాటి నడిచి వచ్చాడు. కొండ పెద్దలకు కోడిని కోసి పెళ్ళి చేశారు.

పెరుమాళ్‌సామి కూలీలను పెట్టి అడవి కొట్టించాడు. తీగలు పాకడానికి ముళ్ళ చెట్ల కొమ్మలు వరసగా పాతించాడు. తీగ మొదటిసారి పూతకు వచ్చినప్పుడు దాన్ని చెట్టు నుంచి విప్పి, చుట్టచుట్టి మట్టిలో పాతాలని మామ చెప్పాడు. పెరుమాళ్‌సామి బిడ్డను పాతిపెట్టమన్నట్టు కేకలు పెట్టాడు. పాతినచోట లేచిన చిగురు బలంగా పాకేసరికి, ఆ పద్ధతి తానే కనిపెట్టినట్టు మామకే వివరించాడు. వెండి మూట ఖాళీ అయింది. కొండవాలు నిండింది. సాయంత్రం పూట గట్టున నిలబడి, నారాయణసామి నేల ఎంత, చెల్లప్ప నేల ఎంత అని మనసులో కలుపుకుని, తోటను చూసి మీసం దువ్వుకునేవాడు.

మొదటి నిండు పంట కోసి ఎండబెట్టారు. బావమరదులు గంపలు మోసుకుని కుంపిణి గిడ్డంగికి వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒకడు వెండి పిడి బాకు, ఒకడు ఇత్తడి జేగంట తెచ్చుకున్నారు. పెరుమాళ్‌సామికి తలగుడ్డ తెచ్చారు. మంచి తలగుడ్డే. అతను దాన్ని మామ ముందు పడేసి, తన వాటా ఏదని అడిగాడు. ఈపాటికి వాళ్ళ భాష తిట్టడానికి సరిపడా వచ్చు.

దుపాటికి కోపం రాలేదు. అర్థం కాలేదు. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలను పిలిపించాడు. అందరూ చాపల మీద కూర్చున్నారు. పెరుమాళ్‌సామి తన దేశాచారం చెప్పాడు.

"ఏమీ ఇవ్వకుండా వచ్చినవాడికి మీ ఊళ్ళో కొడుకుతో సమానంగా ఇస్తారా?" అడిగాడొక పెద్ద.

"ఇస్తారు. కాదంటే కులపెద్దలు ఇప్పిస్తారు."

"ఎందుకు?"

"వాడు పనిచేస్తాడు కనుక."

"పనిచేసినన్నాళ్ళు అన్నం పెట్టరా?"

"పెడతారు."

"అన్నమూ పెట్టి నేలా ఇస్తారా!" పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అలాంటి వెర్రి దేశం నుంచి వచ్చినవాడి మీద వాళ్ళకు నిజంగానే జాలి వేసింది. తీర్పు చెప్పారు: వెండి పోసి పిల్లను చేసుకుని ఉంటే తోట అతనిది. పొయ్యలేదు కనుక అతని చేతికష్టం, అతను పెట్టింది, పండించింది, అంతా మామ ఇంటిది. ఉంటే ఇంటి మనిషిలా చూసుకుంటారు. పోతే ఎలా వచ్చాడో అలా పోవచ్చు.

"ఇప్పుడు పోస్తాను వెండి!"

"పొయ్యి," అన్నాడు దుపాటి మర్యాదగా. వెండి ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. కొండవాలు మీద పచ్చగా పాకుతోంది.

పెరుమాళ్‌సామి పోతానన్నాడు. దయాంగు వడ్లు దంచుతూ తల ఎత్తింది. "పోతే పో. పోయేముందు గొడ్డలికి పదును పెట్టి పో. మా అన్నలకు చేతకాదు." పదును పెట్టే పోయాడు.

బెంకూలులో ఆరోగ్యసామి కథంతా విని, నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టాడు.

"నువ్వే కదరా ఇల్లరికమని చెప్పింది!"

"నాకేం తెలుసప్పా? మా జనంలో నెలమే లేదు, వాటా గొడవ ఏడిది? సరే విడు. ఓడ వచ్చిండాది. నాగపట్నం పోతాది. వంటకు అడుప్పు కాడికి మనిషి కావాలంటున్నారు. వస్తావా నాయుడూ? నా కింద పని."

పెరుమాళ్‌సామి ఆకాశం చూశాడు. సముద్రం మీద మబ్బు పట్టింది. కొండల వైపు గాలి తిరిగింది.

"పై వరసలో తీగలు కట్టలేదు," అన్నాడు.

"ఎవుడి తీగలప్పా?"

"నావి."

"నీవి కాదని పెద్దోళ్ళు చెప్పినారు కదా."

"వాళ్ళకు ముడి వెయ్యను రాదురా. గొంతు పిసికినట్టు బిగించేస్తారు. కొత్త చిగురు, చచ్చిపోతాది."

"అయితే చావనీ! నీకేమి?"

"నీకు తెలీదు. నువ్వు నెలం ఎరగవు," అని విసుక్కుని లేచాడు పెరుమాళ్‌సామి. ఓడ వైపు నడవలేదు.

ఊరు చేరేసరికి జల్లు మొదలైంది. దుపాటి గుమ్మంలో కూర్చుని ఆకు వేసుకుంటున్నాడు. ఎక్కడికి పోయావని గాని, ఎందుకు వచ్చావని గాని అడగలేదు. నార చుట్ట ఒకటి అతని వైపు జరిపి, కొండ వైపు గడ్డం ఎత్తాడు. పెరుమాళ్‌సామి దాన్ని అందుకుని ఎక్కాడు. పైన బావమరదులిద్దరూ మొదళ్ళు తొక్కుతూ, అనుకున్నట్టే ముడులు బిగిస్తున్నారు.

"ఏయ్, నా కొడకల్లారా! దిగండిరా! నా తోట్టంలో కాలు పెడితే విరగ్గొడతాను! ఈ వరస నాది, ఆ వరస నాది, కొండ మొత్తం నాదిరా!"

వాళ్ళు చక్కగా నవ్వి దారి ఇచ్చారు. పెరుమాళ్‌సామి తెలుగులో అరిచాడు. ఆ కొండ మీద ఆ భాష ఇంకెవరికీ రాదు. కనుక తోట నీది కాదని ఎవరూ అనలేదు.