పెద్దనాయన అమ్మని గూళ్లు

పెద్దనాయన పోయినాడని ధర్మవరం నుంచి ఫోను వచ్చినప్పుడు, "ఎవరి పెద్దనాయన?" అని అడిగాను. చేనేత కార్మికుల ధర్నాలో మాట్లాడి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు అడిగి, అవి వచ్చేలోపే పోయాడట. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో ఉగ్గాని తిని, కారం చాలలేదని మా అమ్మను ఆటపట్టించి వెళ్లిన మనిషి! ఇది రాస్తున్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆయన మా నాయనకు అన్న. సోమందేపల్లి దగ్గర మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు పెంచేవాడు. ఎర్రజెండా రైతు సంఘం మనిషి. పెనుకొండ సభల్లో మైకు అక్కర్లేని గొంతు, పురుగుల షెడ్డులో అడుగుపెడితే గుసగుస. "మేత మీదుండాయి, గట్టిగా అరవగాకండి" అని మమ్మల్ని కసిరేవాడు. వాటికి పొగ పడదని పంట ఉన్నన్నాళ్లూ బీడీ ముట్టేవాడు కాదు. "నేను దగ్గి దగ్గి చచ్చినా మానల్యా. పురుగులకు మానినాడు" అనేది పెద్దమ్మ.

చైనా పట్టునూలు వచ్చిపడ్డ ఏడు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధర ఒక్కసారిగా కూలిపోయింది. రైతులు బిత్తరపోయారు. ఆ నూలు కొని నేస్తున్నారని ధర్మవరం మగ్గాలవాళ్లను తిట్టారు. పెద్దనాయన అందరినీ తిట్టనిచ్చి, తర్వాత అడిగాడు.

"నూలు అగ్గవైంది, సరే. నేసేటోని కూలి పెరిగిందా? చీర రేటు దిగిందా? రెండూ లేకపాయ. మరి మధ్యన తింటాండేది ఎవురప్పా?"

ప్రపంచీకరణ అనే పెద్దమాట నాకు ఆ రోజే అర్థమైంది. అందుకు ఆయనకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ధర పెరిగేదాకా వేలానికి గూళ్లు పెట్టొద్దని సంఘం తీర్మానించింది. ఊరూరా తిరిగి ఆ మాట చెప్పింది ఆయనే. కానీ గూళ్లు దాచుకోవడానికి వడ్లు కావు. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూటికి చిల్లి పెట్టుకుని బయటికొస్తుంది. ఇక ఆ గూటినుంచి దారం తీయలేరు; పురుగు లోపలుండగానే ఉడకబెట్టి తీయాలి. ఈ సంగతి వ్యాపారులకూ తెలుసు. వాళ్లు తీరిగ్గా కూర్చున్నారు. రైతులు ఒక్కొక్కరే చాటుగా అమ్ముకున్నారు. వాళ్లను నిలదీద్దామన్నవాళ్లతో పెద్దనాయన, "వాళ్లిండ్లల్లో పొయ్యి మనం వెలిగిస్తామా? ఊరుకోండప్పా" అన్నాడు.

"మనమూ అమ్ముదాం పద" అంది పెద్దమ్మ.

"అమ్మొద్దని చెప్పిన నోరు నాది."

"ఆ నోటితోనే కదా తినల్ల!"

ఆయన అమ్మలేదు.

ఒక ఉదయం షెడ్డు తలుపు తీసి పెద్దమ్మ కేక పెట్టింది. మేమంతా పరుగెత్తాం. తట్టల మీద, గోడల మీద, నేల మీద తెల్లటి రెక్కల పురుగులు. ఎగరలేక, రెక్కలు కొట్టుకుంటూ ఒకదానిమీద ఒకటి పాకుతున్నాయి. పంటంతా పోయింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దనాయన వాటి మధ్య చోటు చూసుకుని నేలమీద కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు పెంచితిమి కదే, ఒక్కదాన్నన్నా బయటికి రానిచ్చినామా?" అన్నాడు పెద్దమ్మతో. "చూడు, ఎంత తెల్లగుండాయో!"

ఆయన అరచెయ్యి నేలకు ఆనించి పెట్టాడు. ఆ చేతిమీదికే ఒకటి మెల్లగా ఎక్కింది.