ఓబులేసు చేసిన రాతబల్ల, తెరుచుకోని మూడో సొరుగు

నిన్న ఉదయం కుటుంబ గ్రూపులో ఆ మెసేజ్ చూసినప్పుడు నేను నమ్మలేదు.

"ఓబులేసు మామ ఇక లేరు" అని ఉన్నది. పక్కనే నవ్వుతున్న బొమ్మ ఒకటి.

వేలు జారి పడిందని తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం, పిల్లలెవరో ఫోనుతో ఆడుకొంటున్నారని అనుమానించాను.

వెంటనే వాడి నంబరుకే ఫోను చేశాను. వాడి భార్య రామలక్ష్మి ఎత్తింది.

"అన్నా..." అన్నది.

ఆ తరువాత అనుమానించడానికి ఏమీ మిగలలేదు.

తెలియని మిత్రుల కోసం రాస్తున్నాను. ఓబులేసు నా బావమరిది, నా భార్యకు సొంత తమ్ముడు. బద్వేలులో ఉంటాడు. 'ఉండేవాడు' అని దిద్దవలెను. దిద్దబుద్ధి కాలేదు.

ఉద్యోగమంతా పోస్టాఫీసులో ముద్రలు గుద్దిన చేతులు వాడివి. రిటైరైన తరువాత ఇంటి వెనక రేకుల షెడ్డు వేశాడు. రంపం, ఉలి, చిత్రిక కొన్నాడు. పెరట్లో కొట్టించిన వేపమానుతో రాతబల్ల చేస్తానన్నాడు. అదీ మూడు సొరుగులతో.

నేను నమ్మలేదు. గోడకు మేకు కొట్టబోయి వేలు చితకగొట్టుకొనేవాడు బల్ల చేయడమా?

వడ్రంగి ఎవరినైనా లోపల పెట్టుకొని పని చేయిస్తున్నాడేమోనని, చెప్పకుండా కడపలో బస్సెక్కి వెళ్లాను.

షెడ్డులో వాడొక్కడే ఉన్నాడు. బనియను నిండా, చెవుల మీద కూడా రంపపు పొట్టు. నోట్లో పెన్సిలు. సొరుగు పలకల అంచులకు పళ్లు కోసి, ఒకదానిలో ఒకటి దిగేటట్లు కూర్చి, మేకు లేకుండా మూల బిగిస్తున్నాడు.

"ఎక్కడ దాచావురా వడ్రంగిని?" అన్నాను.

తలెత్తకుండానే, "మంచం కింద ఉండాడు బావా, పోయి పలకరించుపో" అన్నాడు.

మంచం కింద కూడా చూశాను.

బల్ల పూర్తయిందని పిలిచినప్పుడు, బడిపంతులు అలవాటు కొద్దీ నా జేబులో ఉండే సుద్దముక్కను దాని మీద పెట్టాను. అది మెల్లగా దొర్లి కింద పడింది.

"వాలుగా ఉన్నది" అన్నాను.

"బల్ల సరిగానే ఉండాది బావా. ఈడ బండలే వాలుగా ఉండాయి. నువ్వు రోంత పక్కకు జరుగు, నీ బరువుకు ఇల్లు వంగుతాంది."

అసలు చిక్కు సొరుగులతో వచ్చింది. మన ఎండకు చెక్క బాగా ఎండి కుదించుకొని ఉన్నప్పుడు, సందు వదలకుండా వాటిని అమర్చాడు. ఎండాకాలమంతా ఒక్క వేలితో లాగితే వచ్చేవి. వానలు పట్టుకోగానే చెక్క ఉబ్బి, మూడూ బిగుసుకొన్నాయి.

మూడో సొరుగులో టీవీ రిమోటు ఉండిపోయింది.

టీవీ మీది బొత్తాలు ఎప్పుడో చెడిపోయాయి. ఇక ఆ వానాకాలమంతా ఒక్కటే ఛానలు. పొద్దున వరిపంట, సాయంత్రం పాడిపశువులు. రామలక్ష్మి చూసే సీరియళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఆ టేబులును పొయ్యిలో పెడతా చూడు" అని ఆమె.

"ఎండలు రానీమ్మే, అదే వస్తాది" అని వాడు.

ఎండలు వచ్చాయి. సొరుగు వచ్చింది. రిమోటూ వచ్చింది. అప్పుడు తీరికగా కూర్చొని రెండు సొరుగులకు చిత్రిక పట్టి వదులు చేశాడు. మూడోదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

నా అనుమానం అక్కడ మొదలైంది. రెండింటిని సరిచేసినవాడికి మూడోది ఒక లెక్కా?

అడిగితే, "రెండు నావి బావా, మూడోది ఎండది" అని నవ్వాడు.

ఆ నవ్వును నేను నేటికీ నమ్మలేదు.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు ముగించుకొని వచ్చి, మేము ఇంకా తల తుడుచుకొంటున్నాము. బయట ముసురు. వాడి అల్లుడు అప్పుడే ఆ బల్ల ముందు కూర్చొని మూడో సొరుగు లాగుతున్నాడు. అది కదలలేదు.

ఓబులేసు తల్లికి ఒక కాసుల దండ ఉండేది. ఆమె పోయినప్పటి నుంచి అది ఎవరికీ కనిపించలేదు.

"అవ్వ దండ దీంట్లోనే ఉండాది. లేకుంటే ఇంత బిగించి పెట్టే పనేముండాది?" అంటూ అల్లుడు షెడ్డులోనుంచి ఉలి, సుత్తి తెచ్చాడు. ఓబులేసు ఉలితోనే వాడి బల్లను!

రామలక్ష్మి లేచి వచ్చి, సొరుగుకు వీపు ఆనించి కూర్చున్నది.

"ఆయప్ప చేతులతో చేసింది ఇదొక్కటే. పగలగొడితే మళ్ల ఎవురు చేసిస్తారు?"

అల్లుడు నా వైపు తిరిగాడు.

"లోపలేముండాదో మీకు తెలుసు సార్. మీ బావాబావమరుదులు శానా గట్టోళ్లు."

"తెలియదు నాయనా. నీకున్నంత అనుమానం నాకూ ఉన్నది. నేను ఎండాకాలం దాకా ఆగగలను, అంతే తేడా" అన్నాను.

అతడు లేచి వెళ్లిపోయాడు. ఉలి, సుత్తి అక్కడే పడి ఉన్నాయి. ఊరుకొంటాడని నాకు నమ్మకం కలగలేదు.

కనుక ఈ పోస్టు చదివే బంధువులందరికీ నా మనవి. ఆ సొరుగుకు తాళం లేదు. దానికి మొండితనం నేర్పింది వాన. ఎండ వచ్చి ఆ మొండితనం మాన్పిస్తుంది. శివరాత్రి దాటి, ఎండలు ముదరనీయండి. అందరి ఎదుట రామలక్ష్మి చేతనే లాగిద్దాము. కాసుల దండ ఉంటే ఆమెది. రిమోటు ఉన్నా ఆమెదే.

ఉలి, సుత్తి, షెడ్డులోని రంపం కనిపించడం లేదని పొద్దుటి నుంచి వెదకుతున్నారట. దయచేసి ఎవరినీ అనుమానించవద్దు. అవి తొలి బస్సులో నాతో కడపకు వచ్చేశాయి. కండక్టరు కూడా నా సంచిని అదోరకంగానే చూశాడు.

ఓబులేసూ, ఆ నవ్వు వెనక ఏముందో తేలేదాకా నిన్ను నేను పూర్తిగా నమ్మను.

నువ్వు మాత్రం ఏ దిగులూ లేకుండా పడుకో, నాయనా. ఎండలు వచ్చేదాకా నీ బల్ల మీద ఉలి పడనివ్వను.