భిక్షపతి పిలిచే హాజరు

నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, భిక్షపతి హాజరు పిలవాల్సిందే. పెళ్ళికి పోతే మగపెళ్ళివారిని వరసగా నిలబెట్టి పిలిచాడు. చావుకు పోతే పాడె లేవకముందే మోసేవాళ్ళను పేరుపేరునా పిలిచి, ఒకడు తక్కువైతే చుట్ట కాల్చుకోను పోయినవాణ్ణి వెతికి తెచ్చాడు. ఉద్యోగం టెలిఫోన్ శాఖలో లైన్‌మన్. స్తంభం ఎక్కాక కూడా కింద ఉన్న కూలీలను పిలుస్తాడని పై అధికారి కనబడినవాళ్ళకల్లా చెప్పుకుని ఏడ్చేవాడు.

ఈ జబ్బు అతనికి పాతబస్తీలోని దబీర్‌పురా బడిలో అంటుకుంది. పదో తరగతిలో అతనే క్లాస్ లీడరు. సారు పేపరు చదువుకుంటుంటే హాజరు ఇతను పిలిచేవాడు. ఇదంతా తెలిసీ, అదే క్లాసులో చదివిన రాహేలు 2002లో అతన్ని తన ఇంటర్‌నెట్ గ్రూపులో చేర్చుకుంది. ఆ తప్పుకు ఫలితం ఏడాదిపాటు అనుభవించింది.

రాహేలు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. భర్త పోయాక, పొద్దున లేస్తే అందరికీ ఆమె ‘సిస్టర్’. ‘ఏమే రాహేలూ’ అని పిలిచేవాళ్ళు కరువయ్యారు. అందుకే డ్యూటీ దిగి నెట్ సెంటర్లో కూర్చుని, 1978 పదో తరగతి వాళ్ళను ఒక్కొక్కరినే వెతికి, ముప్పై మందిని పోగేసింది. మొదటి నెల గ్రూపు జాతరలా ఉంది. రెండో నెలకు గుడ్ మార్నింగులు మిగిలాయి. మూడో నెలకు భిక్షపతి మిగిలాడు.

రోజూ పొద్దున్నే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, క్లాసులోని నలభై రెండు పేర్లకూ హాజరు పంపేవాడు. వట్టి పేర్లయితే పోనీ అనుకోవచ్చు. ప్రతి పేరు పక్కనా ఒక కుశలప్రశ్న.

“మూడో నంబరు, మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది? తొమ్మిదో నంబరు, అల్లుడు మళ్ళ అలిగిండా? పదకొండో నంబరు, మూలశంక తగ్గిందా?”

పదకొండో నంబరు బాలత్రిపురసుందరి. బ్యాంకులో ఆఫీసరు. వెంటనే రాహేలుకు ఫోన్ చేసింది.

“ఏమే రాహేలూ, నా మూలశంకను ముప్పై మందికి చాటింపు వేయిస్తావుటే? వాళ్ళలో ఇద్దరు మా బ్యాంకు ఖాతాదారులు! రేపు నేను కుర్చీలోంచి లేచి నిలబడితే ఏమనుకుంటారు?”

“వానికి నేను చెప్తనే.”

“నువ్వేం చెప్పక్కర్లేదు. ముందు నా పేరు తీసెయ్.”

తీసేసింది. మర్నాడు హాజరులో “పదకొండో నంబరు, దారిల ఉన్నది” అని వచ్చింది. గ్రూపు వదిలి పారిపోయిన ప్రతి ఒక్కరి పక్కనా అతను అదే రాశాడు. గైర్హాజరు అన్న మాట అతని చేతికి రాదు.

రాహేలు అతని ఇంటికి పోయి నిలదీసింది.

“పోయినోళ్ళు దారిల ఉన్నరంటవేంది?”

“యాడికి పోతరు? వస్తరు.”

“పదిహేడో నంబరు దుర్గయ్యకు కంప్యూటరంటే ఏందో గూడ తెల్వదు. ఆయనను ఎందుకు పిలుస్తవ్?”

“పేరున్నది గద.”

దీపావళి నాటికి గ్రూపులో ఆరుగురు మిగిలారు. ఆమె గ్రూపుకు రాసిన ఉత్తరాలకు జవాబు రావడం మానేసింది. చివరి ప్రయత్నంగా, ఇరవై ఐదేళ్ళయిన సందర్భానికి 2003లో ఒక రెండో శనివారం బడి ఆవరణలో అందరం కలుద్దామని, నంబరు దొరికిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. తప్పకుండా వస్తామని అందరూ అన్నారు.

పది గంటలకు నలభై రెండు కుర్చీలు వేయించింది. పదకొండుకు నలభై ఖాళీ. పన్నెండుకు బాలత్రిపురసుందరి, అప్పట్లో రెండో శనివారం కూడా తెరిచే బ్యాంకులో అనుమతి అడిగి, చంకలో మెత్తటి దిండుతో వచ్చింది. ఇంకెవరూ రాలేదు. పన్నెండు దాటాక ఒక్కో నిమిషం ఒక్కో యుగంలా గడిచింది రాహేలుకు.

“ఇంక చాలు. గ్రూపు గూడ ఇయ్యాలనే మూసేస్త” అంది.

భిక్షపతి లేచి గొంతు సవరించుకున్నాడు.

“ఒకటో నంబరు! మీ బాపు కన్ను ఆపరేషన్ అయిందా?”

ఖాళీ కుర్చీ వైపు చూస్తూ జవాబు కోసం ఆగాడు. తర్వాత రెండో కుర్చీ. తర్వాత మూడోది.

“కుర్చీలను అడుగుతున్నవా?” రాహేలు కుర్చీలోంచి లేచింది. “బంద్ చెయ్ భిక్షపతీ! నీ హాజరుతోనే నా గ్రూపు సచ్చింది!”

అతను గేటు వైపు ఒకసారి చూసి, ఇంకా నెమ్మదిగా పిలవసాగాడు. పదహారో నంబరును ఏకంగా ఐదు ప్రశ్నలు అడిగాడు. ఐదోది అడుగుతుండగా గేటు కిర్రుమంది. నెరిసిన జుట్టు మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వేళ్ళకు ఎర్రటి లక్క.

“పదిహేడో నంబరు!”

“ఉన్న సార్!” అంటూ దుర్గయ్య కుర్చీలో కూలబడ్డాడు.

“నీకెవరు చెప్పిండ్రు?” అంది రాహేలు.

“భిక్షపతన్ననే. వారం వారం లాడ్ బజారుకొచ్చి మీ అందరి ముచ్చట్లు చెప్తడు. నువ్వు మంచిగ రాస్తవంట గద అక్కా.” ఊపిరి పీల్చుకున్నాడు. “ఇయ్యాల కార్ఖానాల సగం పూటే పని. ఉరికొచ్చిన. బడిల గూడ గిట్లనే. పొద్దుగాల గాజుల పని జేసి వచ్చేసరికి గంట కొట్టి పావుగంట అయ్యేది. నేను గేట్ల కనబడేదాక అన్న పదహారో నంబరు దాటకపోతుండె. మీ అందరినీ ఏదో ఒకటి అడుగుకుంట నిలబెట్టెటోడు. హాజరు తక్కువైతే పరీక్షకు కూసోనియ్యరు గద.”

ఆ రోజుల్లో అమ్మమ్మ దగ్గు గురించి తననెన్ని ప్రశ్నలు అడిగేవాడో రాహేలుకు గుర్తొచ్చింది. క్లాసంతా నవ్వేది. తనూ నవ్వేది.

“ఊకో దుర్గయ్యా, లొల్లి జెయ్యకు” అన్నాడు భిక్షపతి, చెవులు ఎర్రబడగా. “పద్దెనిమిదో నంబరు!”

ఒంటిగంటకు బడి కాపలా చూసే కృష్ణమ్మ వచ్చి రెండు కుర్చీలు మడిచింది.

“ఇంకెవరొస్తరమ్మా? తీసుకపోత.”

“ఆ రెండు గూడ మళ్ళ వెయ్యమ్మా,” అంది రాహేలు. “ఇంక ఇరవై నాలుగు పేర్లున్నయి.” తన కుర్చీని గేటు కనబడేలా తిప్పుకుని కూర్చుంది. “భిక్షపతీ, జర మెల్లగ పిలువు.”