నాగేశ్వరి గీయని పన్ను

సముద్రపు జీవాల మీద పనిచేసే మనిషి సముద్రానికి ఎంతో దూరాన ఉన్న లింగంపల్లిలో కాపురం పెట్టడమంత తిక్కపని ఇంకోటి ఉండదు. నాగేశ్వరి అదే చేసింది. భర్తకు ఆ పక్క ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది మరి. చదువుకునే రోజుల్లో భీమిలి తీరాన నాచులోంచి ఏరిన జీవాలను స్పిరిటు సీసాల్లో వెంటబెట్టుకుని, 1971లో స్టేషన్ వెనక అద్దె ఇంట్లో దిగింది. అవి రొయ్యకు దూరపు చుట్టాలు, నూకగింజంత ఉంటాయి. మైక్రోస్కోపు కింద చూసి, బొమ్మ గీసి, ఏది ఏ జాతో తేల్చడం ఆమె పని. జీతం లేదు. విశాఖలో పాఠం చెప్పిన పార్థసారథిగారు ఆమె గీతను నమ్మేవారు. ఇంటి యజమానురాలు భాగ్యమ్మ మాత్రం “పేన్లు చూసే పిల్ల” అనేది.

ఒక సీసాలోని మగజీవి ఏ పుస్తకంలోని బొమ్మకూ సరిపోలేదు. అలాంటిది అదొక్కటే ఉంది, దానికీ ఒక్క పంజానే మిగిలింది. తెలిసిన జాతికి పంజా అంచున రెండు పళ్ళు. మూడోది ఉంటే ఇది కొత్త జాతి, పేరు పెట్టే హక్కు నాగేశ్వరిది. ఆ హక్కు కావాలని ఆమెకు గట్టి ఆశే ఉండేది.

ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పంజాను విడదీసింది. మైక్రోస్కోపుకున్న చిన్న అద్దం కింద రెండు పళ్ళు కనబడ్డాయి, గీసింది. ఆ పక్కన మసక. ఇంకా పెద్దగా చూపించే అద్దం కింద చూద్దామని పంజాను సూదిమొన మీదికి ఎత్తింది. అప్పుడే భాగ్యమ్మ మజ్జిగ పట్టుకొచ్చింది.

“గిట్ల ఉక్కల కూసుంటే పానం ఏమైతది బిడ్డా? జర గాలి రానియ్యి,” అంటూ ఫ్యాను వేసింది.

“వద్దు పిన్నిగారూ!” అనేలోపే పంజా ఎగిరిపోయింది. చీకటిపడేదాకా ఇద్దరూ నేలంతా వెతికారు. “నా చేతులిరగ,” అని భాగ్యమ్మ తిట్టుకుంది. నాగేశ్వరికి ఒళ్ళుమండింది, కానీ మజ్జిగ తాగింది.

వానాకాలంలో పార్థసారథిగారు ఏదో సభకు వచ్చి బొమ్మ చూశారు.

“మూడోది ఉండే ఉంటుందమ్మా. గీసెయ్యి. కాదనేదెవరు?”

“నేను చూడలేదండి.”

తను చూడని ఆ అంచును గీతకు బదులు చుక్కలతో వదిలేసింది. జీవి పేరులేకుండా ఉండిపోయింది.

ఆరేళ్ళకు వేరే తీరంలో ఎవరో అదే జీవిని పట్టి, పేరు పెట్టి, బొమ్మ అచ్చువేశారు. పార్థసారథిగారు ఆ పత్రిక పంపించారు. నాగేశ్వరి ముందు బొమ్మే చూసింది. మూడో పన్ను ఉంది, తను అనుకున్న చోటే ఉంది. “ఉంది, ఉంది!” అని ఇంట్లో ఎవరూ లేకపోయినా పైకే అంది. కాసేపటికి దానికి వాళ్ళు పెట్టిన పేరు చదివి, కూర్చుని ఏడ్చింది.